టేకు మామ నేర్చిన మాట

టేక్ బహదూర్‌కు తెలుగులో వచ్చిన ముక్కలు మొత్తం ఐదు. తిన్నవా, మంచిగున్నవా, ఏందిరా, ఒక పచ్చి బూతు, ఒక ముద్దు మాట. ఐదూ నేర్పినవాడు ఒక్కడే, పటాన్‌చెరు దగ్గర చిట్కుల్ ఊరి ఐలన్న. దోహాలో ఏసీ గొట్టాలు బిగించే కంపెనీలో ఆరేళ్ళు ఒకే గదిలో, ఒకే ఇనుప మంచానికి కిందొకరు పైనొకరు పడుకున్నారు. టేక్‌ది నేపాల్‌లో ఒక కొండ ఊరు. ఇద్దరి మధ్యా నడిచింది హిందీ, అదీ ఇద్దరిదీ అంతంత మాత్రపు హిందీ. "టేకంటే మా దిక్కు చెట్టురా, నూరేండ్లయినా చెద పట్టది" అని ఐలన్న వీపు మీద చరిస్తే టేక్ పొంగిపోయేవాడు. అతను ఐలన్నను 'ఐల దాయి' అని పిలిచేవాడు. దాయి అంటే వాళ్ళ భాషలో అన్న.

ఇక ఆ ముద్దు మాట సంగతి. కూతురు పుట్టినప్పుడు ఐలన్న దోహాలోనే ఉన్నాడు. పిల్ల బోర్లా పడటం, నడవటం, పళ్ళు రావటం అన్నీ సెల్లులోనే చూశాడు. పక్కన కూర్చుని టేక్ కూడా చూశాడు. పిల్ల పేరు తన్విక. అది మారాం చేసినప్పుడల్లా ఐలన్న సెల్లును టేక్ వైపు తిప్పి, "అగో, టేకు మామ నిన్ను ఎత్తుకపోతడట!" అనేవాడు. టేక్ రెండు చేతులూ చాచి, కళ్ళు ఇంతింత చేసి, "తన్వీ! ఎత్తుకపోత! ఎత్తుకపోత!" అనేవాడు. అంతే, పిల్ల ఏడుపు మాని కిలకిలా నవ్వేది. చిన్న పిల్లలతో మనలో ఎవరం అనలేదు ఆ మాట?

ఒక శుక్రవారం టేక్ దాని అర్థం అడిగాడు. ఐలన్న ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, కళ్ళు మండుతున్నాయి. "గోద్ మే లేనా. ప్యార్ సే" అని ఊరుకున్నాడు. ప్రేమగా ఒళ్ళోకి తీసుకోవడమట! ఎత్తుకోవడానికీ ఎత్తుకపోవడానికీ నడుమ ఉన్న తేడా విప్పి చెప్పడానికి ఆ హిందీ చాలదు, చెప్పే ఓపికా లేదు. ఆ బద్ధకమే కొంప ముంచింది.

ఐలన్న రెండేళ్ళ కింద ఊరికి వచ్చేసి పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో చేరాడు. వారం వారం ఫోన్లు మాత్రం ఆగలేదు. ఈసారి సెలవులో ఊరికి వచ్చిన టేక్‌కు మళ్ళీ మూడేళ్ళ కాంట్రాక్టు వచ్చింది. పోయేలోపు పిల్లను ఒక్కసారి కళ్ళారా చూసి పోతానన్నాడు. గోరఖ్‌పూర్‌లో రైలెక్కి, రెండు రాత్రులు కూర్చునే వచ్చి, సికింద్రాబాద్‌లో దిగి, బస్సు మారి ఇస్నాపూర్ చేరాడు. "చౌరస్తాల నిలబడు. రెండింటికి షిఫ్టు దిగంగనే వచ్చి తోల్కపోత" అన్నాడు ఐలన్న. టేక్ ఒంటిగంటకే వచ్చి చెరుకు రసం బండి పక్కన నిలబడ్డాడు.

రెండయింది. రెండున్నరయింది. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తరు. ఎత్తేదెవరు? మందుల కంపెనీల్లో, రసాయనాల కంపెనీల్లో సెల్లు లోపలికి రానియ్యరు. గేటు దగ్గర అరల్లో పెట్టి తాళం వేస్తారు. పగటిపూట ఆ చుట్టుపక్కల ఊళ్ళ సెల్లులు సగం అరల్లోనే మోగి మోగి ఆగిపోతుంటాయి. ఆ రోజు ఐలన్న తర్వాత షిఫ్టు ఎక్కాల్సినవాడు డ్యూటీకి రాలేదు. రసాయనాలు ఉడికే రియాక్టరును వదిలి కదలడానికి లేదు. అరగంటలో ఎవరో ఒకరు రాకపోతారా అని లోపల ఐలన్న అనుకుంటూనే ఉన్నాడు. భార్య ప్రేమలత ప్యాకింగు కంపెనీలో, ఆమె సెల్లు కూడా అరలోనే. తల్లి మల్లవ్వ చుట్టాల దినానికి పోయింది. పోతూ పోతూ, బడి విడిచినంక పిల్లను కాసేపు చూడమని బడి ముందర మిర్చిబండి పెట్టుకున్న ముత్యమ్మకు అప్పజెప్పింది.

మూడింటికి టేక్‌కు విసుగు పుట్టింది. ఖాళీ ఆటో ఒకటి ఆగితే సెల్లులో తన్విక ఫొటో తీసి చూపించాడు. బడి డ్రెస్సులో, రెండు జడలతో ఉన్న ఫొటో. "చిట్కుల్. ఐలన్న. దోస్త్" అన్నాడు.

"ఇగో, గీ పోరి మా ఐలన్న బిడ్డనే గదా!" అన్నాడు ఆటో నడిపే యాదన్న. "కూసో కూసో. బడి ఇడిసే యాళ్ళ గూడ అయింది." మంచి మనిషే. కిరాయి కూడా వద్దన్నాడు. బడి సందు మొదట్లో దింపి, వేలితో బడి చూపించి, ఇంకో బేరం ఉందని వెళ్ళిపోయాడు.

ఆ వారం అంతా ఊళ్ళో సెల్లు నుంచి సెల్లుకు ఒకటే వార్త తిరుగుతోంది. పిల్లలను ఎత్తుకపోయే ముఠా దిగిందట. హిందీ మాట్లాడతారట, భుజానికి సంచి ఉంటుందట, తినడానికి ఏదో ఇస్తారట, అది నోట్లో పడితే పిల్లలు వాళ్ళ వెంట నవ్వుకుంటూ పోతారట. ఎవరి పిల్లా పోలేదు, ఎవరూ చూడలేదు. అయినా నమ్మనివాడు ఊళ్ళో లేడు. ఎవడు పుట్టిస్తాడో ఈ వార్తలు, వాడి చేతులు పడిపోను!

ఈ సంగతులేవీ టేక్‌కు తెలియవు. అతనికి ఒక్కటే తెలుసు. పరాయి చోట వాళ్ళ భాషలో ఒక్క ముక్క మాట్లాడితే ఎంత మొరటు మనిషైనా మెత్తబడతాడు. దోహాలో ఆరేళ్ళు అరబ్బు సూపర్‌వైజర్ల దగ్గర నేర్చుకున్న కిటుకు అది.

బడి విడిచారు. మిర్చిబండి పక్కన స్టూలు మీద తన్విక కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. చూడగానే టేక్‌కు గుండె నిండిపోయింది. సెల్లులో అరచేయంత కనబడ్డ పిల్ల, ఇంత పెద్దదయింది! సంచిలోంచి చుర్పీ ముక్క తీశాడు. చుర్పీ అంటే వాళ్ళ కొండల్లో జున్నును రాయిలా ఎండబెట్టి చేసే తిండి, పిల్లలు గంటల తరబడి చప్పరిస్తారు. దాన్ని చాచి, "తిన్నవా?" అన్నాడు. తర్వాత రెండు చేతులూ చాచి, కళ్ళు ఇంతింత చేసి, అంతదూరం నుంచి మోసుకొచ్చిన ఆ ముద్దు మాట గొంతెత్తి అన్నాడు.

"తన్వీ! ఎత్తుకపోత! ఎత్తుకపోత!"

పిల్ల ఒక్క క్షణం తేరిపార చూసింది. మొహమంతా నవ్వయింది. "టేకు మామా!" అని స్టూలు మీంచి దూకి అతని వైపు పరుగెత్తింది.

ముత్యమ్మ చేతిలోని జల్లెడ గంటె కింద పడింది. "ఓ రాండ్రివో! ఐలన్న పోరిని ఎత్తుకపోతుండు! జల్దీ రాండ్రి! నోటితోనే అంటుండు, ఎత్తుకపోతనని!" అని అరుస్తూ పిల్లను మధ్యలోనే ఒడిసి పట్టుకుంది. పిల్ల గింజుకుంది. "ఇడువు! టేకు మామ! మా మామ!" అని ఏడ్చింది. "మత్తు పెట్టిండు పోరికి! సూడుండ్రి, మామ అనుడు గూడ నేర్పిండు!" అంది ముత్యమ్మ. పిల్లను ఈడ్చుకుపోయి పక్కనే ఉన్న తన ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేసింది. ఆమెకు నిజంగానే పై ప్రాణం పైనే పోయింది. అప్పజెప్పిన పిల్ల మరి.

అక్కడున్న ఒకే ఒక్క సాక్షి అలా తలుపు వెనక పడింది.

నిమిషంలో సందు నిండింది. టేక్‌కు ఏమీ అర్థం కాలేదు. పిల్లనెందుకు లాక్కుపోయారు? ఈమె ఎందుకు అరుస్తోంది? హిందీలో చెప్పబోయాడు. "దోస్త్ కా బేటీ. మేరా దోస్త్..."

"హిందీ! హిందీల మాట్లాడుతుండు! గా ముఠావోడే!" అన్నారెవరో.

ఒకడు చేతిలోని సెల్లు గుంజుకున్నాడు. లోపల చూస్తే ఏముంది? తన్విక. పాకుతున్న తన్విక, పళ్ళు లేని తన్విక, బడి డ్రెస్సులో తన్విక. ఐదేళ్ళ ఫొటోలు. "అమ్మ నీ! ఎన్నేండ్ల సంది కన్నేసిండురా గీడు!" అన్నాడు వాడు. సంచి బోర్లించారు. ఎర్ర మఖ్మల్ గౌను పడింది. కాగితంలో చుట్టిన చుర్పీ ముక్కలు పడ్డాయి. రాళ్ళ లాంటి ఆ ముక్కలను చెప్పుతో తొక్కి, వాసన చూసి, మత్తుమందేనని తీర్పు చెప్పేశారు.

అప్పుడే బేరం ముగించుకుని యాదన్న వచ్చాడు. సంగతి వినగానే అతని మొహం నల్లబడింది. "అయ్యో, నేనే తెచ్చిన గదరా గీన్ని! నా ఆటోలనే తెచ్చిన! వేలువెట్టి బడి సూపిచ్చిన!" అని నెత్తి కొట్టుకున్నాడు. తనను తాను తిట్టుకోవడానికి సరిపోని కోపమంతా చేతుల్లోకి వచ్చింది. టేక్ కాలరు పట్టుకుని, "ఏందిరా?" అని గర్జించాడు.

ఇంత గోలలో టేక్‌కు తెలిసిన మాట అదొక్కటే వినబడింది. ఆటోలో తెచ్చిన మనిషి, తెలిసిన మొహం, తెలిసిన మాట. ఊపిరి పీల్చుకుని, ఐలన్న నేర్పిన జవాబే ఇచ్చాడు. "మంచిగున్నవా?" అని నవ్వబోయాడు.

ఆ నవ్వు మీదే మొదటి దెబ్బ పడింది.

పెదవి చీలింది. రెండో దెబ్బ ఎవరిదో తెలియదు. వెనక నుంచి మోకాలి మీద తన్నారు. చొక్కాను వీపు మీంచి పైకి లాగి తలకు ముసుగులా కప్పేశారు. కింద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి విరిచి కరెంటు స్తంభానికి నైలాన్ తాడుతో కట్టారు. ఇక అతనికి వెలుతురు కనబడింది కానీ మనిషి కనబడలేదు. చొక్కా కింది నుంచి మట్టి, కాళ్ళు, చెప్పులు మాత్రమే. నీళ్ళ పైపు ముక్కతో ఒకడు, కట్టెతో ఒకడు, ఏదీ దొరకనివాడు చెప్పుతో. పళ్ళు రెండు ఊడి నాలుక మీదికి వచ్చాయి. తిట్లు వినబడుతున్నాయి. అందులో ఐలన్న నేర్పిన బూతు కూడా ఉంది. నేర్పినప్పుడు నవ్వులాటగా ఉండేది అది.

దారిన పోయే ఆడవాళ్ళు కూడా ఆగి ఒక దెబ్బ వేసి పోయారు. కొందరు సెల్లులెత్తి పట్టుకున్నారు. వీడియో బాగా రావాలని ముందువాణ్ణి పక్కకు జరగమన్నవాడు కూడా ఉన్నాడు. ఏం మనుషులం మనం!

ఒక్కడు మాత్రం అడ్డం వచ్చాడు. నరసరాజు అని, ముప్పయ్యేళ్ళ కింద కోస్తా నుంచి వచ్చి సర్కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దాయన. "ఆగండయ్యా, చచ్చిపోతాడు! పోలీసులకి ఫోన్ చేస్తున్నాను, వాళ్ళొచ్చి చూసుకుంటారు" అన్నాడు.

"మీరు నడుమ రాకుండ్రి సార్" అన్నాడు యాదన్న పైపు ఎత్తి. "మీ పిల్ల గాదు గదా, మీకేం తెలుస్తది?"

పిల్ల యాదన్నదీ కాదు. అక్కడ పైపు పట్టినవాడు, కట్టె పట్టినవాడు ఎవడిదీ కాదు. ఆ మాట అడిగే ధైర్యం నరసరాజుకు లేకపోయింది. ఆయన పక్కకు జరిగి పోలీసుల నంబరు నొక్కుకున్నాడు.

టేక్‌కు చివరికి ఒకే ఆశ మిగిలింది. దాయి వస్తాడు. ఇది దాయి ఊరు. వచ్చి ఒక్క మాట చెబితే చాలు, వీళ్ళంతా ఆగిపోతారు. అంతదాకా స్పృహ తప్పకుండా ఉంటే చాలు. దోహాలో ఒకసారి నిచ్చెన మీంచి పడ్డప్పుడు కూడా దాయి అదే చెప్పాడు, కళ్ళు మూయకురా టేకూ అని. మూయకుండా మట్టి వైపే చూస్తూ కూర్చున్నాడు.

దాయి వస్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ గేటుకు ఎవరో ఫోన్ చేసి, "మీ ఐలన్న బిడ్డను ఎత్తుకపోయేటోడు దొరికిండు, జల్దీ తోలుండ్రి" అన్నారు. ఆ కబురు లోపలికి చేరేసరికి 'ఎత్తుకపోయేటోడు' మిగిలింది, 'దొరికిండు' ఊడిపోయింది. ఐలన్న రియాక్టరును ఎవరికి వదిలాడో, బండి ఎలా తోలాడో అతనికే తెలియదు. అరలోని సెల్లు తీసుకోను కూడా లేదు. అందులో ఇరవైమూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చౌరస్తాలో దోస్తు నిలబడి ఉన్నాడన్న సంగతి అతని బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. కళ్ళ ముందు ఉన్నది బిడ్డ ఒక్కతే.

"ఐలన్న వచ్చిండు! జరుగుండ్రి, జరుగుండ్రి!" అన్నారు జనం. "బిడ్డ మంచిగనే ఉంది, ముత్యమ్మ ఇంట్ల ఉంది. గీడే!"

"ఏడి? ఏడిరా వాడు?"

ఆ గొంతు! చొక్కా ముసుగు కింద టేక్ మొహం విచ్చుకుంది. ఆరేళ్ళు పై మంచం మీంచి విన్న గొంతు. వచ్చేశాడు. ఇక భయం లేదు. 'దాయీ' అనబోయాడు కానీ నోటి నిండా నెత్తురు. ముసుగు కింది నుంచి రెండు నల్ల బూట్లు దగ్గరికి రావడం కనబడింది. కంపెనీలో ఇచ్చే సేఫ్టీ బూట్లు, వేళ్ళ దగ్గర లోపల ఇనుప రేకు ఉండేవి. దోహాలో ఇద్దరివీ అలాంటివే, ఒకే బెత్తెడు జాగాలో విప్పుకునేవారు.

ఆ బూటు వచ్చి డొక్కలో దిగింది.

లోపల ఏదో పుటుక్కుమంది. రెండో తన్ను అక్కడే పడింది. "నా బిడ్డనారా? నా బిడ్డనే దొరికిందారా నీకు?" అని ఐలన్న ఏడుస్తూ తంతున్నాడు, ఆ బూతే తిడుతున్నాడు. మూడో తన్ను కడుపులో పడింది. నాలుగోదానికి కాలు లేచినప్పుడు ముసుగు లోపలి నుంచి, నెత్తుటి బుడగలతో, ఒక మాట వచ్చింది.

"ఐల దాయీ..."

ఆ పిలుపు ప్రపంచంలో ఒక్కడిదే. ఐలన్న కాలు గాలిలోనే ఆగింది. వంగి చొక్కా కిందికి లాగాడు. ఆ మొహంలో గుర్తుపట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. తెరుచుకున్న కన్ను మాత్రం అతన్నే చూస్తోంది.

"టేకూ!" అని ఐలన్న పెట్టిన కేక పక్క వాడకు కూడా వినబడిందంటారు.

తాడు ముడి పళ్ళతో కొరికి విప్పాడు. "నా దోస్తురా! నా ఇంటికి వచ్చిండురా! నా బిడ్డను సూడనీకి వచ్చిండురా!" అని అందరి మొహాలూ చూశాడు. ఎత్తిన కట్టెలు దిగాయి. సెల్లులు జేబుల్లోకి పోయాయి. "ఎత్తుండ్రిరా! జెర ఎత్తుండ్రి, దవాఖానకు తీస్కపోదాం!" అని బతిమాలాడు. అప్పటిదాకా అన్ని చేతులు లేచిన చోట ఇప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు. గుంపు వెనక నుంచి పలచబడుతూ వచ్చింది. చివరికి తనే రెండు చేతులూ కింద వేసి ఎత్తుకున్నాడు.

ముత్యమ్మ ఇంటి తలుపు అవతల పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది, టేకు మామ కావాలని.

పోలీసులు ఇంకా రాలేదు. ఆటో యాదన్నదే. ఆ సందులో వేరే బండి లేదు. ఎవరూ అడగకుండానే వచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాడు. అద్దంలోకి చూడకుండా తోలాడు. హ్యాండిల్ మీద అతని చేతులకు నెత్తురు అలాగే ఉంది. వెనక నరసరాజు టేక్ కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. తల ఐలన్న ఒళ్ళో ఉంది.

ఇస్నాపూర్ చౌరస్తాలో ట్యాంకర్లు అడ్డం పడి దారి ఆగిపోయింది. టేక్ కన్ను పక్కకు తిరిగింది. చెరుకు రసం బండి కనబడింది. వేలు కొంచెం లేపాడు. "ఇక్కడే నిలబడ్డా దాయీ. మూడింటి దాకా" అన్నాడు హిందీలో. ఫిర్యాదులా అనలేదు. చెప్పినట్టే చేశానని చెప్పుకున్నాడు, అంతే.

ఐలన్న అతని పెదవి మీది నెత్తురు తుడిచాడు. తల నిమురుతూ ఉండిపోయాడు.

కాసేపటికి టేక్ మళ్ళీ పెదవులు కదిపాడు. మొదటి దెబ్బ నుంచి అతన్ని తొలుస్తున్నది అదొక్కటే. "దాయీ, ఆ మాట... నేను తప్పుగా పలికానా? అందుకేనా వాళ్ళకంత కోపం?"

"సహీ బోలా, టేకూ. ఏక్‌దమ్ సహీ బోలా" అన్నాడు ఐలన్న. ఆ తర్వాతిది ఏడుపులో తెలుగులోకి జారింది. "నేనే తప్పు చెప్పిన. ఎత్తుకపోవుడంటే గది కాదురా. నేనే సక్కగ చెప్పలే."

ఆ తెలుగు టేక్‌కు అర్థం కాలేదు. సరిగ్గానే పలికానన్నది మాత్రం అందింది. చీలిన పెదవి కొద్దిగా సాగింది, నవ్వే కావచ్చు.

ట్యాంకర్లు కదిలాయి. ఐలన్న కళ్ళు తుడుచుకుని, ఆనాడు ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పకుండా వదిలేసిన అర్థం ఇప్పుడు హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. ఎత్తుకోవడం వేరు, ఎత్తుకపోవడం వేరు అని, రాని మాటలు వెతుక్కుంటూ, పటాన్‌చెరు దవాఖాన గేటు దాకా చెబుతూనే ఉన్నాడు. అవతలి చివర కూర్చున్న నరసరాజుకు తెలుసు, పట్టుకున్న కాళ్ళు చౌరస్తాలోనే చల్లబడ్డాయని.